క్లీనర్ సీటు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని తిరువూర్లో మా ఇంటి మేడ మీద నిలబడ్డాను. వీధి చివర మామిడికాయల గోదాము ముందు ఒక లారీ వెనక్కి వస్తోంది. వేడెక్కిన డీజిలు వాసనా, దాని మీద తేలుతూ పచ్చి మామిడి సొన వాసనా మేడ దాకా వచ్చాయి. లారీ వెనకాల నిలబడిన క్లీనరు అరచేత్తో బాడీ మీద చరుస్తూ "రానీ... రానీ... రానీ..." అంటున్నాడు. ఉన్నట్టుండి "హోల్డాన్!" అని అరిచి గట్టిగా రెండు చరుపులు చరిచాడు. లారీ ఉన్నచోట ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఇంకా బోల్డంత చోటుంది గదరా, కళ్లు కనపడట్లేదా?" అని తిట్టాడు. క్లీనరు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. నా గ్లాసులో కాఫీ మాత్రం తొణికి చెయ్యి కాలింది. ఎందుకంటే ఆ మాట చెవిన పడగానే నా కుడిచెయ్యి తనంతట తను ముందుకు కదిలింది, అక్కడ లేని ఒక మీటను నెట్టడానికి. విమానాల్లో కెప్టెన్ కుడిచేతి కింద ఉంటుంది ఆ మీట. దాన్ని ముందుకు నెడితే, దిగబోతున్న విమానం దిగడం మానేసి మళ్లీ పైకి లేస్తుంది. నేను కెప్టెన్‌ని. తిరువూరు లారీ క్లీనర్ల మాటకూ నా చేతికీ ముడి వేసిన మనిషి ఖాదర్ బాషా గారు. కిందటి చలికాలం ఆయన కాలం చేశారు.

ఆయన్ను ఎరగని వాళ్ల కోసం ముందుగా నా సంగతి కొంచెం చెప్పాలి. బెజవాడలో డిగ్రీ చదివి, ఇంట్లో అందరితో పోట్లాడి, పెళ్లి చూపులకు వచ్చిన ఇద్దరితో వాదించి పంపించేసి, కాస్త ఆలస్యంగానే విమానం నడపడం నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చిందని తెలియగానే మా వీధిలో అమ్మను అడిగిన మొదటి ప్రశ్న జీతమెంతని. రెండోది, నడిపేది మీ అమ్మాయేనా, పక్కన కూర్చుంటుందా అని. మా అమ్మకు అబద్ధం ఆడటం రాదు. "పక్కన కూర్చుంటుందట" అంది. ఆ రోజు నుంచి తిరువూర్లో నేను విమానం క్లీనర్‌ని. ఒక ట్రిప్పు కెప్టెన్ నడిపితే ఒక ట్రిప్పు నేను నడుపుతానని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. పాలు పోసే ఆయన నేను సెలవుల్లో కనిపించినప్పుడల్లా "ఏమ్మా శైలజా, డ్రైవర్ని చేశారా, ఇంకా లేదా?" అని అడిగేవాడు. పైగా విమానంలో కెప్టెన్ ఎడమ పక్కనా, రెండో పైలట్ కుడి పక్కనా కూర్చుంటారని తెలిశాక, "అదేంటి, అంతా తిరకాసుగా ఉందే" అని ఆశ్చర్యపోయాడు.

జీతం సంగతి కూడా దాచను, ఎందుకంటే లోకానికి దాని మీద చాలా అపోహలున్నాయి. కొత్తగా చేరిన వాళ్లకు చేతికొచ్చేది ఎగిరిన గంటలను బట్టి. కొత్తవాళ్లకు గంటలే దక్కవు. ఆకాశంలో ఉన్నంతసేపే కూలీ; విమానం ఆలస్యమై నేల మీద కూర్చుంటే అది మన పుణ్యం. గంపలగూడెం పక్క చేలల్లో పత్తి తీసే ఆడవాళ్లకు కిలో లెక్క, నాకు గంట లెక్క, అంతే తేడా. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే మా వదిన ఆ మొదటి ఏడాది నాకంటే ఎక్కువ తెచ్చుకునేది. ఆ సంగతి ఆవిడ నాతో ఒక్కసారీ అనలేదు. మిగతా వాళ్లందరితో చెప్పింది.

ఇక సీనియారిటీ. మా వృత్తిలో అదే దేవుడు. కంపెనీలో చేరిన రోజున ఒక నెంబరు ఇస్తారు. నీకంటే పైనున్న వాళ్లు రిటైరవుతారు, మానేస్తారు, నువ్వు ఒక్కో మెట్టూ పైకి జరుగుతావు. ఏ ఊరు, ఏ విమానం, ఏ పండగకు సెలవు అన్నీ ఆ నెంబరే తేలుస్తుంది. కెప్టెన్ పరీక్షకు పిలుపు కూడా ఆ వరసలోనే వస్తుంది. ఒకే రోజు చేరిన వాళ్లలో ఎవరి వయసు పెద్దదైతే వాళ్ల నెంబరు పైన. మా బ్యాచ్ మొత్తానికీ నేనే పెద్దదాన్ని. పెళ్లి చూపుల్లో అడ్డొచ్చిన వయసు అక్కడ పనికొచ్చింది. వేరే కంపెనీకి మారితే మాత్రం నువ్వు ఎంతటి మొనగాడివైనా మళ్లీ అట్టడుగు నుంచి మొదలు.

అలా అట్టడుగు నుంచి రెండుసార్లు పైకి వచ్చిన మనిషి ఖాదర్ గారు. నేను మొదటిసారి ఆయన్ను చూసింది హైదరాబాదులో, డ్యూటీలు వేసే గుమాస్తాతో నేను గొడవ పడుతున్నప్పుడు. వరసగా నాలుగు తెల్లవారుజాము విమానాలు నాకే వేశాడని, ఇంగ్లీషులో మొదలుపెట్టి కోపం పెరిగాక తెలుగులోకి దిగాను. పక్కన కుర్చీలో టీ తాగుతున్న తెల్లమీసాల కెప్టెన్ ఒకాయన గ్లాసు దించి అడిగారు.

"ఏ ఊరమ్మా మీది? బెజవాడ పైనేనా?"

"తిరువూరండీ."

"అనుకున్నాలే. ఇంత గట్టిగా అరిచేవాళ్లు మా లారీ యార్డులోనే ఉండేవాళ్లు." ఆ తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "బాబూ, ఆ అమ్మాయి అడిగింది ఇచ్చెయ్. మా ఊళ్లో వాళ్లు ఆపరు" అన్నారు.

వాళ్ల నాన్నకు బస్టాండు వెనక లారీ యార్డు ఉండేదట. చదువుకునే రోజుల్లో వేసవి సెలవులన్నీ ఆయన లారీల మీదే గడిపారు. చిన్న వయసులోనే ఒక కంపెనీలో కెప్టెన్ అయ్యారు. ఆ కంపెనీ మూతపడింది. నలభై దాటాక మా కంపెనీలో కొత్త నెంబరుతో, భుజం మీద నాలుగు గీతలు తీసేసి మూడు గీతలతో, తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కుడి సీట్లో కూర్చున్నారు. వాళ్లను "సర్" అని పిలిచారు. తిరువూర్లో నమాజుకు వెళ్తే, "ఏం తప్పు చేశావు భాయ్, కిందకి దించారంట?" అని అడిగారట జనం. "నేనేమో సీనియారిటీ అని మొదలుపెట్టేవాణ్ణి. వాళ్లు పాపం అనుకుంటా వెళ్లిపోయేవాళ్లు. అప్పుడు మానేశా చెప్పడం" అని నవ్వేవారు. విమానంలో ఆయన నాకు సార్, తిరువూర్లో బాబాయ్. ఆ ఏర్పాటు ఆయనే చేశారు. "పైన బాబాయ్ అన్నావంటే నీ నోరు మెత్తబడుద్ది" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. నా నోరు మెత్తబడటం ఏమిటని నవ్వుకున్నాను.

ఆయనతో చాలా ఎగిరాను. ఒక ప్రయాణం ప్రత్యేకంగా చెప్పాలి. ఒక పెద్ద విమానాశ్రయంలో దిగాం. రన్‌వే నుంచి విమానం నిలిపే చోటికి చక్రాల మీద వెళ్తున్నాం. అక్కడ దారులు మన సందుల్లా ఉంటాయి. టవర్‌లో కూర్చునే కంట్రోలర్ రేడియోలో ఒక దారి చెప్పాడు. ఖాదర్ గారు దాని ముందరి దారిలోకి తిప్పబోతున్నారు. నాకు స్పష్టంగా తెలుసు అది కాదని. "సార్, మనకు చెప్పింది బహుశా..." అన్నాను. "ఆ తర్వాతది అనుకుంటా సార్... మీరు ఒకసారి..." అంటున్నాను. ఈలోగా కంట్రోలరే రేడియోలో గట్టిగా ఆపమన్నాడు. ఆపారు. ఏ ప్రమాదమూ లేదు. అటు ఏ విమానమూ రావడం లేదు. కానీ విమానం నిలిపాక నేను విజృంభించాను. కంట్రోలర్ సరిగా చెప్పలేదని, అక్కడి గుర్తులు కనిపించడం లేదని, మా పెద్దాయన్ను అలా కసురుకుంటారా అని కనిపించిన ప్రతి మనిషితోనూ వాదించాను. ఖాదర్ గారు టోపీ ఒళ్లో పెట్టుకుని అంతా విన్నారు. ఆయన పక్షాన నిలబడ్డానని నాకెంతో తృప్తిగా ఉంది ఆ సాయంత్రం.

కొంతకాలానికి నా నెంబరు వంతు వచ్చింది. కెప్టెన్ శిక్షణకు ఎవరిని పంపాలో తేల్చే బోర్డు కూర్చుంది. నాతో ఎగిరిన సీనియర్లందరి అభిప్రాయం అడిగారు. జాబితా వచ్చింది. నా బ్యాచ్‌లో నా కిందున్న ముగ్గురి పేర్లు అందులో ఉన్నాయి, నాది లేదు. కారణం అడిగితే, "వాదించే స్వభావం అని కొందరు రాశారు. ఇప్పుడే వద్దని ఒక ఎగ్జామినర్ కూడా అన్నారు" అని చెప్పారు. నేను అమ్మతో కూడా చెప్పకుండా బస్సెక్కి తిరువూరు వచ్చి, సరాసరి ఖాదర్ గారింటికి వెళ్లాను. ఆయన సెలవులో ఉన్నారని తెలుసు. లాయరు నోటీసు ఎలా రాయించాలో అడుగుదామని వెళ్లాను. ఆయన కూడా పైలట్లను పరీక్షించే ఎగ్జామినరేనని తెలుసు. కానీ ఆ ఎగ్జామినర్ ఆయనే అయివుంటారని నాకు తట్టలేదు.

లారీ యార్డు అప్పటికి ఆయన తమ్ముడి చేతిలో ఉంది. ఇల్లు ఆ యార్డు ముందే. ఖాదర్ గారు లుంగీలో, వాకిట్లో రెడ్డిగూడెం తోట నుంచి వచ్చిన మామిడికాయల్లో దెబ్బ తగిలినవి ఏరుతున్నారు. ఆయన భార్య నూర్జహాన్ పిన్ని నాకు మంచినీళ్లు ఇచ్చేలోపే నేను మొత్తం చెప్పేశాను. మగవాడు వాదిస్తే నాయకత్వమట, ఆడది వాదిస్తే నోరట. ఎవడా ఎగ్జామినర్, వాడి పేరు చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నాను.

"వాడు నేనేనమ్మా" అన్నారు ఆయన, చేతిలో కాయ కింద పెట్టకుండానే.

పిన్ని గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటండీ మీరు, ఆడపిల్ల కష్టపడి పైకొస్తుంటే..." అంది ఆయనతో.

"మీరు కూడానా బాబాయ్? నా నోరు ఎక్కువైందని మీరూ రాశారా?"

"వాళ్లు రాశారు నీ నోరు ఎక్కువని. నేను తక్కువని రాశా."

నా జీవితంలో ఎవరూ నా మీద మోపని నేరం అది. ఆయన లేచి, "రా, ఇట్టా వచ్చి నిలబడు" అని యార్డు వైపు చూపించారు. వాళ్ల తమ్ముడి లారీ ఒకటి లోపలికి వెనక్కి వస్తోంది. డ్రైవరు ముసలాయన, ఖాదర్ గారి నాన్న కాలం నుంచీ ఉన్నవాడు. క్లీనరు ఆ మధ్యే చేరినవాడు. రానీ, రానీ అంటూ వచ్చి, నీళ్ల తొట్టి దగ్గర "హోల్డాన్!" అన్నాడు. లారీ ఆగింది. ముసలాయన దిగి వచ్చి తొట్టికీ లారీకీ మధ్య చోటు చూసి, అనవసరంగా ఆపావంటూ నాలుగు తిట్లు తిట్టాడు. క్లీనరు తల గోక్కుంటూ వెళ్లి చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

"చూశావా? డ్రైవరు కోపం తర్వాత సంగతి. ముందు బండి ఆగిందా లేదా? ఆపాక తిట్టాడు గానీ, ఆపకుండా తిట్టలేదు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఈ యార్డులో అదే లెక్క. హోల్డాన్ అంటే ఎవరన్నారని చూడరు" అన్నారు ఖాదర్ గారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఆ రోజు నేను తప్పు దారిలోకి తిప్పుతుంటే నువ్వేమన్నావు? బహుశా అన్నావు. అనుకుంటా అన్నావు. సార్ అని రెండుసార్లు అన్నావు. కిందకి దిగాక ఊరంతా పోట్లాడావు. వాదించడానికి నీకు భయం లేదమ్మా, నాకు తెలుసు. ఆపడానికి భయం. పెద్దాయన ఏమనుకుంటాడో అని. రేపు నువ్వు ఎడమ సీట్లో కూర్చుంటే నీ పక్కవాళ్లకు ఏం నేర్పుతావు?"

నేను ఊరుకోలేదు. నా బ్యాచ్ మగవాళ్లలో ఇలా నీళ్లు నమిలేవాళ్లు బోలెడుమంది ఉన్నారనీ, వాళ్ల గురించి ఎవరూ ఇప్పుడే వద్దని రాయలేదనీ అన్నాను.

"నిజమే. వాళ్లు నాతో ఎగరలేదు. ఎగిరితే వాళ్లకీ రాసేవాణ్ణి."

"నా కిందివాళ్లు కెప్టెన్లయి నాకు ఆర్డర్లు వేస్తారు ఇక."

"వేస్తారు. నాకూ వేశారుగా. నెంబరు నీదేనమ్మా, దాన్ని ఎవరూ పట్టుకుపోరు. సీటు కొంచెం ఆగుద్ది."

పిన్ని టీ తెచ్చింది. తాగకుండా వచ్చేశాను. రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. లాయరు నోటీసు మాత్రం రాయించలేదు. ఎందుకు రాయించలేదని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. ఓడిపోతానని కాదు. ఆ లాయరుకు జరిగింది వివరించాల్సి వస్తే, "బహుశా" అన్న మాట కూడా నేనే చెప్పుకోవాలని తెలుసు.

ఆ వానాకాలం మా ఇద్దరికీ కలిపి డ్యూటీ పడింది. నమస్కారాలు చెప్పుకున్నాం, వాతావరణం మాట్లాడుకున్నాం, అంతే. ఆ ట్రిప్పు నడిపేది ఆయన. దిగాల్సిన ఊరి మీద మబ్బు కమ్మి ఉంది. చాలాసేపు ఏమీ కనిపించలేదు. మబ్బు కిందకి రాగానే తడిసి మెరుస్తూ రన్‌వే కనిపించింది. గాలి వెనక నుంచి తోస్తోంది. నిర్ణయించిన ఎత్తుకు వచ్చేసరికి వేగం తగ్గి ఉండాలి, తగ్గలేదు. ఆయన కళ్లు రన్‌వే మీదే ఉన్నాయి. నా నోట్లోకి "సార్" అన్న మాట వచ్చింది. దాన్ని మింగేశాను. "గో ఎరౌండ్" అన్నాను. దిగొద్దు, పైకి లేపు అని; విమానాల్లో హోల్డాన్ అదే.

నా మాట పూర్తయిందో లేదో, ఆయన కుడిచెయ్యి ముందుకు వెళ్లింది. విమానం ముక్కు లేచింది. రన్‌వే మా కింద నుంచి జారిపోయింది. ఎందుకని అడగలేదు, నా వైపు చూడలేదు. మళ్లీ చుట్టి వచ్చి, రెండోసారి మెత్తగా దించారు. ప్రయాణికులంతా దిగిపోయాక నేను మొదలుపెట్టాను. గాలి లెక్క, వేగం లెక్క, తడిసిన రన్‌వే పొడవు...

ఆయన చెయ్యెత్తారు. "వద్దమ్మా. క్లీనరు వచ్చి డ్రైవరుకు ఉపన్యాసం చెప్తాడా?" సీటు బెల్టు విప్పుకుంటూ అన్నారు, "నేను చూళ్లేదు. రన్‌వే కనపడిందన్న సంబరంలో వేగం చూళ్లేదు. ఎన్నేళ్లు ఎగిరితే ఏంటి." ఆ సంగతే, అంతే సాదాగా, కంపెనీకి కూడా తనంతట తనే తెలియజేశారు. నేను పొరబడ్డాను, ఆమె ఆపింది అని. ఎగ్జామినర్‌గా ఉన్న మనిషికి అది సరదాగా రాసే మాట కాదు. తర్వాతి బోర్డులో నా గురించి ఏం చెప్పారని అడిగితే, "మొదటిసారీ నిజమే చెప్పా, ఇప్పుడూ నిజమే చెప్పా" అన్నారు. నాకు నాలుగో గీత వచ్చింది.

అది వచ్చేనాటికి ఆయన రిటైరయి తిరువూరు చేరారు. యూనిఫాంతోనే వెళ్లాను, పిన్ని అలా రమ్మంది. వీధిలో పాలాయన ఎదురై, భుజం మీద గీతలు లెక్కపెట్టి, "డ్రైవర్వి అయ్యావన్నమాట!" అని మురిసిపోయాడు. ఖాదర్ గారు కుర్చీలోంచి లేవలేదు, మోకాళ్లు నొప్పి. "పక్కవాళ్లకు ఏం చెప్పావు మొదటి రోజు?" అని అడిగారు. నియమాలన్నీ చెప్పానన్నాను. "అవి వాళ్లకీ తెలుసు. తిట్టినా సరే ఆపమని చెప్పావా?" అన్నారు. లేదన్నాను. "మరి చెప్పు. నిన్ను చూస్తేనే జనం భయపడతారు" అన్నారు. ఈసారి టీ తాగాను. రెండోసారి కూడా పోయించుకున్నాను.

నన్ను ఆపడం న్యాయమేనా అంటే, ఇప్పటికీ నేను పూర్తిగా ఒప్పుకోను. ఈ సంగతి ఆయన బతికుండగానే ఆయనతో చాలాసార్లు వాదించాను. నేను పోగొట్టుకున్న ఆ కాలం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కానీ అప్పటి నుంచి ప్రతి ప్రయాణానికీ ముందు పక్క సీటులో ఉన్న వాళ్లకు ఒక మాట చెబుతున్నాను. "నాతో వాదించడం నీ పని కాదు, ఆ పని నేను చూసుకుంటాను. ఆపాలనిపిస్తే ఆపు. తర్వాత నేను తిట్టొచ్చు. అయినా ఆపు." కొందరు నవ్వుతారు. కొందరు కంగారుపడతారు.

ఆయన పోయిన కొన్నాళ్లకు ఒక ప్రయాణంలో నా పక్కన కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుంది. సన్నటి గొంతు, ప్రతి వాక్యం చివరా "మ్యామ్". దిగే సమయంలో, అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతున్న క్షణంలో, ఆ సన్నటి గొంతు "గో ఎరౌండ్" అంది. మ్యామ్ లేదు. నా మనసులో వెయ్యి వాదాలు లేచాయి. చెయ్యి మాత్రం వాటి కోసం ఆగలేదు. పైకి లేచాం, చుట్టి వచ్చాం, దిగాం. విమానం నిలిపాక ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. వేగం సరిగ్గానే ఉంది. ఎత్తు సరిగ్గానే ఉంది. ఒక్కొక్కటీ విడమరిచి, తను ఎక్కడ పొరబడిందో చూపించగలను. నోరు తెరిచాను. "టీ తాగుదాం పద" అన్నాను.

ఆ రోజు కరెక్టు నేనేనని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆ అమ్మాయికి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.